పద్నాలుగో నంబరు గొట్టం

ఇంకొల్లు,
12-9-2007.

యూసుఫ్ బావకి,

పీరుని రాస్తున్నా. నా రాత చూసి నవ్వొద్దు. ఆరో తరగతిలో మానేశాక ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. ఫోన్ చెయ్యొచ్చు కదరా అంటావు. మన పరుపుల షెడ్డు పక్కన సైకిల్ షాపు సిలార్ అన్న తన ఫోను ఇస్తానన్నాడు. ఇచ్చి పక్కనే నిలబడతాడు. ఎవరన్నా వింటుంటే నాకు గొంతు రాదు, నీకు తెలుసుగా.

నాన్నకి కామెర్లు వచ్చిన సంగతి అత్త నీకు చెప్పే ఉంటది. మూడు వారాలు పసరు తాగించాం. తగ్గలా. కళ్ళు పసుపు పూసినట్టయినాయి. అప్పుడు గుంటూరు తీసుకుపోయాం. లివర్లోంచి చేదు నీళ్ళు పేగులోకి దిగే దారిలో రాయి అడ్డం పడిందన్నాడు డాక్టరుగారు. నోట్లోంచి కెమెరా వైరు పంపి రాయి లాగబోయాడు. రాయి పెద్దదంట, రాలేదు. అందుకని ఆ రాయి పక్కనుంచి ఒక ప్లాస్టిక్ గొట్టం దూర్చాడు, నీళ్ళు దిగడానికి. దాన్ని స్టెంటు అంటారంట. ఈ నెల రెండో తారీఖున పెట్టాడు. వారం తిరక్కుండానే కళ్ళు తెల్లబడ్డాయి.

పెట్టిన రోజు డాక్టరుగారు నన్ను ఒక్కణ్ణే వరండాలోకి పిలిచాడు. "మూడు నెలలకి కచ్చితంగా తీసుకురావాలి. గొట్టం పూడుకుపోద్ది. అది తీసేసి రాయి సంగతి మళ్ళీ చూస్తాం. మర్చిపోతే ప్రాణం మీదికొస్తది. మీ నాన్నకి చెప్పు, సరేనా?" అన్నాడు. నేను తల ఊపా. ఎట్టా పూడుద్ది, ముందే తెలుస్తదా, ఇంకా చాలా అడుగుదామనుకున్నా. నోరు తెరిచేలోగా ఆయన వెళ్ళిపోయాడు.

పోయిన బక్రీదుకి వచ్చినప్పుడు నువ్వు మీ ల్యాబులో కామెర్ల గొట్టాలు పరీక్ష చేస్తారన్నావు. అందరం నవ్వాం. ఇప్పుడు నవ్వు రావట్లా బావా. ఆ గొట్టం ఎన్ని రోజులు పని చేస్తది? ఆస్పత్రి కాగితంలో స్టెంటు పక్కన 10 అనీ, 7 అనీ అంకెలున్నాయి. నాకు అర్థమయింది అంతే.

జవాబు నా పేరునే రాయి. నాన్న పేరున రాయొద్దు. ఇంట్లో ఉత్తరాలు చదివి వినిపించేది నేనే అయినా సరే, వద్దు.

పీరు


హైదరాబాద్,
19-9-2007.

ఒరేయ్ పీరూ,

నీ అక్షరాలు చీమలు వరస తప్పినట్టున్నాయి గానీ సంగతంతా అర్థమైంది. ఊళ్ళో ఉన్నప్పుడు నాతో పది ముక్కలు మాట్లాడనోడివి, రెండు పేజీలు రాశావు. మామని తల్చుకుని భయపడ్డావని అక్కడే తెలిసింది.

నా పనేంటో చెప్తా, ఈసారి నవ్వకుండా చదువు. పొద్దున్నే కబేళాకి పోయి గేదెల పిత్తాశయాలు, అదే ఆ చేదు తిత్తులు, పగలకుండా తేవాలి. నాకీ ఉద్యోగం వచ్చిందే అందుకు. ఇంటర్వ్యూలో నాగజ్యోతి మేడం అడిగింది ఒక్కటే: "తిత్తి చిట్లకుండా కోసిచ్చేవాళ్ళు నీకు తెలుసా?" తెలుసన్నాను. అంతే, రేపట్నించి రా అంది.

తిత్తుల్లో ఉండే పైత్యరసాన్ని మేడం వాళ్ళు లోపలి గదిలో ఏదో చేసి సీసాల్లో పోసి ఇస్తారు. ఒక పెద్ద అద్దాల పెట్టె ఉంది. అందులో మనిషి ఒంట్లో ఉన్నంత వేడి ఉంటది. ఇరవై గొట్టాలు రెండు వరసలుగా బిగించి ఉంటాయి. ఒక్కోదానికి పైన ఒక సీసా, కింద ఒక గాజు కుండ. పైత్యం ఆ గొట్టంలోంచి ఆగకుండా దిగుతా ఉంటది. నేను సీసాలు మారుస్తా, స్టాప్‌వాచ్ పెట్టి ఏ గొట్టంలోంచి ఎంత దిగిందో పుస్తకంలో రాస్తా. దిగడం తగ్గిందంటే లోపల పూడుతున్నట్టు. క్రిములు గొట్టం గోడకి పాచిలాగా పట్టి, దాని మీద మడ్డి పేరుకుంటదంట. కుళాయి గొట్టానికి పాచి పట్టదా, అట్టాగే.

ఎన్ని రోజులకి అంటే మేడం కూడా ఇదీ అని చెప్పదు. ఒకటి నెలన్నరకే మూసుకుంటది, ఇంకోటి అయిదు నెలలు లాగుద్ది. అందుకే డాక్టర్లు మూడు నెలలంటారు.

నువ్వు రాసిన అంకెలు గొట్టం సైజు. సరిగ్గా ఆ సైజువే మొన్న సోమవారం, పదిహేడో తారీఖున, కొత్తవి ఎక్కించాం. కిటికీ పక్కన ఉన్నది పద్నాలుగో నంబరు. దాని చీటీ వెనక మేడం చూడకుండా పెన్సిల్‌తో "నన్నే సాహెబ్" అని రాశాను. ఇక అది మామ గొట్టం. మామ లోపలున్నది నీకూ నాకూ కనపడదు, ఇది కనపడతది. దీన్ని నేను రోజూ చూస్తా. మామదాని కన్నా ఇది పదిహేను రోజులు చిన్నదని మాత్రం గుర్తుపెట్టుకో.

దిగులు పెట్టుకోకు. మామకి నా సలాం చెప్పు.

యూసుఫ్


ఇంకొల్లు,
10-10-2007.

బావకి,

నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నా. చెమటకి సగం అక్షరాలు పోయినాయి, అయినా నోటికొచ్చు.

నాన్న బాగున్నాడు. రంజాన్ రోజాలు వద్దని అమ్మ మొత్తుకున్నా ఒక్క ఉపవాసం కూడా వదల్లేదు. పత్తి దిగుతోంది కాబట్టి పరుపులకి గిరాకీ మొదలయింది. పొద్దున్నించీ ఏకుడు మిషను దగ్గరే. నేను దూది అందిస్తుంటే "ఏరా, ఆ చేతులేంటి, నాకన్నా నువ్వే కామెర్లోడిలాగా ఉన్నావు" అంటాడు. దూదిలో చిన్న గింజ కనపడినా మిషను ఆపి ఏరతాడు. గింజ ఉండిపోతే నూనె దిగి పరుపు మచ్చ పడతదనీ, పడుకున్నోడికి వీపులో గుచ్చుకుంటదనీ నన్ను తిడతాడు. ఆ తిట్లు వింటే ప్రాణం లేచొస్తోంది.

మన గొట్టం ఎట్టా ఉంది? వారానికోసారి సిలార్ అన్న ఫోనుకి మెసేజ్ కొట్టు. మాట్లాడక్కర్లా కాబట్టి అది నాకు సుఖం. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టడం సిలార్ అన్న నేర్పాడు. 14 అని నంబరు ఒక్కటే కొట్టు, బాగుంటే పక్కన బాగుంది అను. సిలార్ అన్నకి అది లాటరీ టికెట్ అని చెప్పా.

పీరు


మెసేజ్‌లు

యూసుఫ్, 20-10: 14 బాగుంది. మొదటి రోజు ఎంత దిగిందో అంతే.

పీరు, 20-10: సరే బావా. సిలార్ అన్న లాటరీ తగిలిందా అంటున్నాడు.

యూసుఫ్, 27-10: 14 బాగుంది.

పీరు, 3-11: ఇవ్వాళ మెసేజ్ రాలా. ఏమయింది

పీరు, 3-11: బావా ఏమయింది

యూసుఫ్, 3-11: ఏమీ కాలేదురా, చార్జింగ్ అయిపోయింది. 14 బాగుంది. ఊపిరి పీల్చుకో.


హైదరాబాద్,
15-11-2007.

పీరూ,

మెసేజ్‌లో పట్టని సంగతి, అందుకే ఉత్తరం.

ఈ వారం మూడో నంబరు ఆగిపోయింది. నిన్న తొమ్మిదోది. పైత్యం చుక్క కూడా దిగలా. మేడం బయటికి తీసి బ్లేడుతో నిలువుగా చీల్చింది. లోపల ముదురు ఆకుపచ్చ మడ్డి, మైనంలాగా. నాకు మామ మొహం గుర్తొచ్చి బయటికొచ్చేశా.

మనది మాత్రం కడిగిన గాజులాగా ఉంది. సీసాలు రెండు రకాలు వస్తాయి, ఎర్ర మూతవీ నీలం మూతవీ. మన పద్నాలుగుకి నీలం మూత. నీలం మూతలవి నాలుగు గొట్టాలుంటే నాలుగూ బాగున్నాయి. మామది మంచి చెయ్యిరా, ఏ గొట్టం మీద పేరు రాసినా నిలబడుతోంది.

అయినా డిసెంబర్ రెండు దగ్గరకొచ్చింది. మామని గుంటూరు బయల్దేరదీయి. మామేమంటున్నాడు? ఒక్క ఉత్తరంలో కూడా ఆ ముక్క రాయవేం?

యూసుఫ్


ఇంకొల్లు,
25-11-2007.

బావా,

నువ్వు అడిగినదానికి జవాబు రాయడానికి వారం పట్టింది.

నాన్నకి తెలియదు. లోపల గొట్టం ఉన్న సంగతే తెలియదు. అమ్మకీ తెలియదు. డాక్టరుగారికీ నాకూ మాత్రమే తెలుసు, తర్వాత నీకు.

ఆ రోజు గుంటూరు నించి బస్సులో వస్తున్నాం. చిలకలూరిపేట దాటాక నాన్న అడిగాడు. "ఏరా పీరూ, నేను మత్తులో ఉన్నా. లోపల కడిగి పంపారా, ఏమన్నా పెట్టారా?" బస్సు నిండా జనం. అందరూ మా వైపే చూస్తున్నట్టుంది. బుడాన్ చిన్నాన్న సంగతి నీకు తెలుసుగా. కాలు విరిగితే రాడ్డు వేశారు, అది చీముపట్టి చివరికి కాలే తీసేశారు. ఒంట్లోకి బయటి వస్తువు పోతే మనిషి మిగలడని నాన్న అప్పట్నించీ అంటానే ఉన్నాడు. అది గుర్తొచ్చింది. "కడిగారు నాన్నా" అన్నా. ఆయన "హమ్మయ్య" అని నా భుజం మీద తలపెట్టి పడుకున్నాడు. ఇంకొల్లు దాకా లేవలా.

మర్నాడు చెప్దామనుకున్నా. మర్నాటికి పసరు ఇచ్చినాయన వచ్చి కూర్చున్నాడు, తన మందుతోనే తగ్గిందని. నాన్న అవునన్నాడు. ఊరంతా అవునంది. ఇంక నేను ఎట్టా చెప్పేది? రోజూ పొద్దున షెడ్డుకి పోయేటప్పుడు ఇవ్వాళ చెప్పేస్తా అనుకుంటా. మిషను ఆన్ చెయ్యగానే ఆ మోతలో వినపడదులే, ఆపాక చెప్తా అనుకుంటా. ఆపాక రేపు అనుకుంటా.

నువ్వు 14 బాగుంది అని కొట్టినప్పుడల్లా ఇంకో వారం దొరికింది అనిపిస్తది. పద్నాలుగు బాగుంటే నాన్నది కూడా బాగున్నట్టే కదా? పెళ్ళిళ్ళ పరుపులు పదకొండు ఉన్నాయి. అవి అయినాక తీసుకుపోతే సరిపోద్దా?

నన్ను తిట్టు. కానీ అత్తకి చెప్పొద్దు.

పీరు


హైదరాబాద్,
1-12-2007.

ఒరేయ్ మూగెదవా,

తిట్టడానికి మొదలుపెట్టి రెండు కాగితాలు చింపేశాను. మనిషి కడుపులో ఏముందో ఆ మనిషికే చెప్పకపోతే ఎట్టారా? సిగ్గు ఉండొచ్చు. ఇది సిగ్గు కాదు. రేపు మామ అడిగితే ఏం చెప్తావు? నేనేం చెప్పాలి?

నేనే ఫోన్ చేసి మామకి చెప్పేద్దామని సిలార్ నంబరు నొక్కి కూడా ఆపేశా. నా నోటి నించి విని, కొడుకు దాచాడని తెలిస్తే ఆయనకి ఇంకా కష్టం. నువ్వే చెప్పాలి.

ఇవ్వాళ కూడా పద్నాలుగుని చూశా. సెప్టెంబర్లో దిగినట్టే దిగుతోంది. ఆ ధైర్యంతోనే అంటున్నా, ఇంకో పది రోజులు తీసుకో. ఆ పెళ్ళి పరుపులేవో కుట్టెయ్యండి. పది రోజులే. ఈలోగా నోరు తెరువు.

యూసుఫ్


మెసేజ్‌లు

యూసుఫ్, 11-12: పది రోజులయింది. చెప్పావా?

పీరు, 11-12: ఇవ్వాళ చెప్తా. 14?

యూసుఫ్, 11-12: 14 బాగుంది. నువ్వు చెప్పు ముందు.

పీరు, 16-12: నాన్నకి ఒళ్ళంతా దురద. గోకి గోకి చారలు పడ్డాయి. ఈ ఏడు పత్తికి పురుగుమందు ఎక్కువ కొట్టారు, దూది ఏకితే ఇంతే అంటున్నాడు. నాక్కూడా కొంచెం దురదగానే ఉంది

పీరు, 16-12: 14 ఎట్టా ఉంది

యూసుఫ్, 16-12: ఇప్పుడే చూశా. శుభ్రంగా ఉంది. అయితే దూది దురదే అయ్యుంటది. అయినా చెప్పు మామకి.

పీరు, 19-12: పరుపులు ఇంకా రెండే ఉన్నాయి. పండగ అవగానే చెప్తా. 14?

యూసుఫ్, 19-12: బాగుంది.

యూసుఫ్, 22-12: పీరూ. పద్నాలుగు మనది కాదు.

యూసుఫ్, 22-12: ఇవ్వాళ మేడంని అడిగా, పద్నాలుగు తొంభై ఆరు రోజులైనా ఎందుకింత శుభ్రంగా ఉందని. నీలం మూతల్లో పోసేది క్రిముల్ని చంపేసిన పైత్యమంట. మిగతావాటితో పోల్చుకోడానికి పెట్టారంట. అది ఏడాదైనా పూడదంటరా

యూసుఫ్, 22-12: మనిషి ఒంట్లో లాగా క్రిములున్నవి ఎర్ర మూతలవి. అవి పదహారు. పదమూడు పూడిపోయినాయి.

యూసుఫ్, 22-12: దురద పత్తి మందు వల్ల కాదు. పైత్యం ఆగిపోతే ఒళ్ళు దురద పెడతదంట. మేడమే చెప్పింది. రేపు పొద్దున్నే గుంటూరు తీసుకుపో.

యూసుఫ్, 22-12: ఫోనెత్తు. ఎనిమిది సార్లు చేశా.

పీరు, 22-12: ఎత్తలేను బావా, అందరూ ఉన్నారు. నాన్నకి నిన్నట్నించి చలిజ్వరం. వణుకు. కళ్ళు మళ్ళీ పచ్చబడ్డాయి. అమ్మ పసరు కోసం మనిషిని పంపింది

పీరు, 22-12: గుంటూరు అంటే వద్దంటున్నాడు. పోయినసారి కడిగారుగా, ఏం ఒరిగింది, పసరుతోనే తగ్గిందిగా అంటున్నాడు

పీరు, 22-12: ఆయన ముందు కూర్చున్నా. నోరు రావట్లా బావా

యూసుఫ్, 22-12: అయితే విను. మామకి ఉత్తరం రాస్తా, మెసేజ్‌లోనే. ఎప్పట్లాగే నువ్వు చదివి వినిపించు. మాట్లాడక్కర్లా. చదివితే చాలు.

యూసుఫ్, 23-12, ఒకటి: నన్నే సాహెబ్ మామయ్యకి యూసుఫ్ సలాం. మామయ్యా, పీరు చదువుతుంటే మధ్యలో ఆపొద్దు. చివరిదాకా విను.

యూసుఫ్, 23-12, రెండు: సెప్టెంబర్లో గుంటూరులో నీకు కడగడం ఒక్కటే చెయ్యలా. పైత్యం దిగడానికి లోపల ప్లాస్టిక్ గొట్టం పెట్టారు. నీకు తగ్గింది దానివల్లే, పసరు వల్ల కాదు.

యూసుఫ్, 23-12, మూడు: అది మూడు నెలలకి తీసెయ్యాలి. ఇప్పుడు పూడుకుపోయింది. ఈ దురద, ఈ జ్వరం దానివే. గొట్టం మారిస్తే మళ్ళీ లేచి తిరుగుతావు. మార్చకపోతే నాకు మామయ్య ఉండడు.

యూసుఫ్, 23-12, నాలుగు: ఈ సంగతి నీకు చెప్పొద్దని పీరుని ఆపింది నేను. తప్పు నాది. తిట్టాలంటే లేచాక నన్ను తిట్టు. ఇప్పుడు బండెక్కు.

యూసుఫ్, 23-12: చదివావా?

యూసుఫ్, 23-12: పీరూ చదివావా

పీరు, 23-12: చదివా. కారులో ఉన్నాం. చిలకలూరిపేట వచ్చాం


గుంటూరు,
29-12-2007.

బావకి,

నాన్న బతికాడు. ముందు అది రాస్తున్నా.

మెసేజ్‌లు కొట్టడానికి చెయ్యి ఆడలేదు, అందుకే ఈ ఆరు రోజులూ జవాబు లేదు. ఇప్పుడు వార్డు బయట బల్ల మీద కూర్చుని మొదట్నించీ రాస్తున్నా.

ఆదివారం పొద్దున నాన్న షెడ్డులో నులక మంచం మీద పడుకుని ఉన్నాడు. మీద మూడు దుప్పట్లు. అమ్మ పసరు గ్లాసు పట్టుకుని నిలబడింది. సిలార్ అన్న, ఇంకో నలుగురు. నేను ఫోను తీసి, "నాన్నా, యూసుఫ్ బావ ఉత్తరం" అన్నా. "ఫోన్లో ఉత్తరమేందిరా" అని నాన్న కళ్ళు మూసుకునే, "చదువు" అన్నాడు.

చదివా. ఉత్తరం చదివేటప్పుడు నాకు గొంతు వస్తదని నీకెట్టా తెలుసు? ఒకటీ రెండూ గబగబా చదివేశా. గొట్టం మాట దగ్గర అమ్మ గ్లాసు కింద పెట్టేసింది. మూడోదానికి నాన్న కళ్ళు తెరిచాడు. నాలుగోది తెరిచి, "పీరుని ఆపింది నేను" అని నువ్వు రాసిన దగ్గర ఆగిపోయా.

"చదవరా, ఆగావేం" అన్నాడు నాన్న.

చదివితే అయిపోయేది బావా. ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆ మాట నాకు నోటికి రాలా. ఫోను సిలార్ అన్న చేతికిచ్చేశా. "ఇందులో బావే ఆపాడని రాసుంది నాన్నా. అది అబద్ధం. డాక్టరుగారు నాతోనే చెప్పాడు, నీకు చెప్పమని. బస్సులో నువ్వడిగితే కడిగారని అన్నా. దాచింది నేనే" అన్నా. అందరి ముందరే. గట్టిగానే అన్నట్టున్నా, సైకిల్ షాపులోంచి కూడా తొంగి చూశారు.

నాన్న "ఎన్నాళ్ళయిందిరా?" అన్నాడు.

"నూట పన్నెండు రోజులు."

"లెక్క తప్పలా. రోజూ లెక్క పెట్టుకుంటా నా పక్కనే కూర్చున్నావు. అంతేనా?"

అంతే అన్నా.

"గింజ ఉందని తెలిసీ పరుపు కుట్టేశావు కదరా" అన్నాడు.  తర్వాత సిలార్ అన్న వైపు తిరిగి, "కారు చూడరా. వీడికి నోరొచ్చింది, మళ్ళీ పోకముందే డాక్టరు దగ్గర పెట్టాలి" అన్నాడు. వణుకుతానే అన్నాడు బావా. అమ్మ ఏడుస్తా నవ్వింది.

ఆస్పత్రిలో డాక్టరుగారు కాగితం చూసి, ఎవడు దీన్ని ఇన్నాళ్ళు వదిలేసిందని అరిచాడు. "నేనేనండి" అన్నా. క్రిములు రక్తంలోకి పోయినాయన్నాడు. బీపీ పడిపోయింది. ఆ రోజూ మర్నాడూ నాన్న మనిషిని పోల్చుకోలా. నన్ను బుడాన్ అని పిలిచాడు. నేను పలికా. ఇరవై అయిదో తారీఖున పాతది తీసి కొత్తది పెట్టారు. మర్నాటికి జ్వరం దిగింది. రాయి కొంచెం చిన్నదయిందంట, మార్చిలో తీస్తామన్నారు.

డాక్టరుగారు ఈసారి కూడా నన్ను వరండాలోకి పిలిచాడు. నేను పోలా. "నాన్న ముందరే చెప్పండి సార్" అన్నా. ఆయన లోపలికొచ్చి మంచం పక్కన నిలబడి చెప్పాడు. మార్చి పదిహేడు.

ఇంకోటి. నర్సమ్మ పాత గొట్టం పారేయబోతుంటే అడిగి తీసుకున్నా. ఎందుకు బాబూ అంటే మా బావ పరీక్ష చేస్తాడన్నా. ఆమె మందు నీళ్ళల్లో వేసి మూత బిగించి ఇచ్చింది. బస్సు పార్శిల్లో పంపుతున్నా. ఇది పద్నాలుగు కాదు, నిజంగా నాన్నదే.

నా కోసం అబద్ధం రాశావు. ఇంకెప్పుడూ అట్టా రాయకు బావా.

పీరు


హైదరాబాద్,
10-1-2008.

పీరూ,

పార్శిల్ అందింది. దాన్ని మేడం బల్ల మీద పెట్టి మొత్తం చెప్పేశా. చీటీ వెనక మామ పేరు రాసింది కూడా. పద్నాలుగో చీటీ తిప్పి చూపించా. మేడం కళ్ళజోడు తీసేసింది. "మీ మామని తీసుకొచ్చి నా నీలం మూతకి కట్టేశావా యూసుఫ్?" అంది. ఉద్యోగం పోయిందనుకున్నా. ఆమె తిట్టలా. "ఏడాదిగా మూతలు మారుస్తున్నావు. రంగులు ఎందుకని ఒక్కసారి అడగొచ్చుగా. నేనైనా చెప్పొచ్చు" అంది.

నిజమేరా. అడిగితే ఇది కూడా తెలియదా అంటుందని అడగలా. నిన్ను మూగెదవా అన్నాను. నేను మాత్రం ఏం తక్కువ? పైగా దురద అని నువ్వు రాసినప్పుడు దూది దురదే అన్నది నేను. ఆ ముక్క గుర్తొస్తే అన్నం దిగట్లేదు.

మేడం నా ఎదురుగానే మామ గొట్టాన్ని చీల్చింది. ఈ చివర్నించి ఆ చివరికి మడ్డి. చూస్తే మొత్తం మూసుకుపోయినట్టే ఉంది. మేడం భూతద్దం కింద పెట్టి నన్ను చూడమంది. మధ్యలో సన్నటి సందు, ఒక వెంట్రుక దూరేంత. మామ ఆ నూట పద్నాలుగు రోజుల్లో చివరి రోజులు ఆ సందులోంచే బతికాడు.

మొన్న కొత్త వరస ఎక్కించాం. నేను అడిగి తెలుసుకున్నా, ఏ మూతలో ఏముందో అంతా. ఈసారి ఎర్ర మూతదాని మీద మామ పేరు రాయమంటావా? వారం వారం మెసేజ్ కొడతా.

యూసుఫ్


ఇంకొల్లు,
20-1-2008.

బావకి,

వద్దు. ఏ గొట్టం మీదా పేరు రాయొద్దు. వాటి మానాన వాటిని దిగనీ.

ఇక్కడ నాన్న వేరే ఏర్పాటు చేశాడు. గుంటూరు నించి వచ్చిన రోజే పరుపు కుట్టే దారం తీసి మార్చి పదిహేడు దాకా ఎన్ని రోజులో అన్ని ముళ్ళు వేయించాడు నా చేత. డెబ్భై ఏడు. షెడ్డు గుమ్మానికి కట్టాడు. ఆయనకి అంకెలు రావుగా. పొద్దున్నే కత్తెరతో ఒక ముడి కత్తిరించి, ఇంట్లో ఉన్న నాకు వినపడేట్టు వీధి అవతల్నించి అరుస్తాడు, "ఒరేయ్, ఎన్ని మిగిలినాయి?" అని. నేను గుమ్మంలోకొచ్చి చెప్పాలి. మెల్లగా చెప్తే వినపడలేదంటాడు. వినపడినా వినపడలేదంటాడు. పసరు ఇచ్చినాయన ఆ దారి వెంట పోతూ ఇదేం గోల అన్నాడు. "నా కడుపులో గొట్టం ఉంది, దాని లెక్క" అన్నాడు నాన్న, బజారంతా వినపడేట్టు.

మొదటి రోజు నాకు చెవులు కాలిపోయినాయి. ఇప్పుడు ఎదురింటి పిల్లలు నాకన్నా ముందే అరుస్తున్నారు. వాళ్ళు ఏం చెప్పినా నాన్న నా వైపు చూస్తాడు, తప్పయితే సరిచెయ్యమని.

ఇవ్వాళ పొద్దున వాళ్ళు యాభై ఎనిమిది అన్నారు. "కాదు, యాభై ఏడు" అని అరిచా బావా. సైకిల్ షాపు దాకా వినపడిందంట.

పీరు